సిరక్యూస్ తాత

అమెరికాలో నాకు సీటొచ్చిన యూనివర్సిటీలో క్యారియర్ డోమ్ అని పెద్ద స్టేడియం ఉందట అని మా అమ్మకి చెప్తే, "పోన్లే నాన్నా, భోజనానికి ఇబ్బంది ఉండదన్నమాట" అంది. అది టిఫిన్ క్యారియర్ కాదే, ఏసీల కంపెనీ అని చెప్పా. ఆవిడకేం పెద్దగా ఎక్కలేదు. తీరా అక్కడికి వెళ్ళాక తెలిసిందేంటంటే, ఏసీ కంపెనీ పేరు పెట్టుకున్న ఆ స్టేడియంలో ఏసీ లేదు. మా అమ్మ అనుకున్నదే కాస్త నయం, ఎందుకంటే నేను అందులో తిండి అమ్మే పనిలోనే చేరాను.

2013 ఆగస్టులో దిగాం సిరక్యూస్ లో, న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటుందా ఊరు. నలుగురం, గుంటూరోడు, వరంగలోడు, తిరుపతోడు, తణుకు దగ్గర్నుంచి నేను. వెస్ట్‌కాట్ వైపు ఒక పాత చెక్క ఇల్లు, నడిస్తే నేల కిర్రుకిర్రుమంటుంది, హీటర్ పెంచితే బిల్లు, తగ్గిస్తే జలుబు. నవంబర్ కల్లా మంచు మొదలైంది, మొదటి రోజు నలుగురం బయటికొచ్చి ఫోటోలు దిగి ఇంటికి పంపాం, నాలుగో రోజు నుంచి దాన్ని తిట్టడం మొదలెట్టాం, ఏప్రిల్ దాకా తిడుతూనే ఉన్నాం. ఫీజు లోన్ అక్కడ పెరుగుతోంది, ఇక్కడ జేబు ఖాళీ, క్యాంపస్ లోపల మాత్రమే పని చేసుకోవాలి, వారానికి 20 గంటలు. అలా డోమ్ లో ఫుడ్ స్టాండ్ లో పడ్డాం ముగ్గురం. గంటకి 8 డాలర్లు చిల్లర. గుంటూరోడు బీఫ్ హాట్ డాగ్ ముట్టుకోనని భీష్మించుకుంటే వాడిని పాప్‌కార్న్ మెషిన్ దగ్గర నిలబెట్టారు, నాకు నాచోస్.

ఆ డోమ్ గురించి ఒక మాట చెప్పాలి. అప్పట్లో దాని కప్పు గాలితో నిలబడేది, అంటే లోపల పెద్ద పెద్ద ఫ్యాన్లు గాలి కొడుతూ ఉంటే ఆ ఒత్తిడికి పైన గుడ్డ లాంటి కప్పు ఉబ్బి ఉండేదన్నమాట, బూరెలాగా. అందుకే తిరిగే తలుపుల్లోంచి లోపలికెళ్ళాలి, బయటికి మామూలు తలుపులోంచి వస్తే మాత్రం వెనక నుంచి ఎవరో మెడ పట్టుకుని గెంటినట్టు గాలి విసిరి మంచులో పడేస్తుంది. మొదటిసారి నా టోపీ ఎగిరిపోయింది, ఇంక దొరకలేదు.

ఆ డోమ్ లో మా యూనివర్సిటీ టీమ్ ఆడే బాస్కెట్‌బాల్ నాకేం తెలీదు. మా ఇంజనీరింగ్ కాలేజీలో కోర్ట్ ఉండేది గానీ దాని మీద బైకులు పార్క్ చేసేవాళ్ళు, రింగుకి నెట్ కూడా ఉండేది కాదు. అందుకని నేను ఆ ఆటని చూడకముందు విన్నాను. మా స్టాండ్ వెనక గోడ, గోడ అవతల ముప్పై వేల మంది. ఆట మొదలవ్వగానే అందరూ లేచి నిలబడి ఒకే లయలో చప్పట్లు కొడతారు, మన టీమ్ మొదటి బాస్కెట్ వేసేదాకా ఎవరూ కూర్చోరు. రెండు నిమిషాలు పట్టినా అంతే. మా ఊళ్ళో భజన గుర్తొచ్చేది నాకు. ఆ చప్పట్లు ఆగాయంటే స్కోర్ మొదలైందని అర్థం, ఒక్కసారి ఉసూరుమని శబ్దం వస్తే అవతల వాడు మూడు పాయింట్లది వేశాడని అర్థం. రెండు నెలల్లో గోడ అవతల ఏం జరుగుతోందో చెవులతోనే చెప్పేసేవాణ్ణి.

మా స్టాండ్ లో ఒక పెద్దావిడ ఉండేది, డెబ్బై దాటి ఉంటాయి. 1980లో డోమ్ తెరిచినప్పట్నుంచీ అక్కడే పని చేస్తోందట. మా బాస్కెట్‌బాల్ టీమ్ కోచ్ పేరు మేము స్పెల్లింగ్ చూసి 'బోహీమ్' అని చదువుతుంటే ఆవిడ ప్రాణం పోయినట్టు చూసి, "బేహైమ్! జిమ్ బేహైమ్!" అని నాలుగుసార్లు అనిపించింది. మాకది నోరు తిరగక, ఇంట్లో ఆయన పేరు తాత అని ఖాయం చేసేశాం. అప్పటికే 69 ఏళ్ళు, కళ్ళజోడు, బట్టతల, ఎప్పుడు చూసినా ఎవరో అప్పు తీసుకుని ఎగ్గొట్టినట్టు మొహం. రిఫరీ విజిల్ వేశాడంటే చాలు, రెండు చేతులూ చాపి ఆకాశం వైపు చూస్తాడు. గెలిచినా అంతే. ప్రెస్ మీట్ లో విలేఖరిని చిరాగ్గా కసిరే వీడియోలు యూట్యూబ్ లో బోలెడు. పెద్దావిడ అనేది, మా ఇంటాయన కూడా ఇంతే, సణుగుతున్నాడంటే ఆరోగ్యంగా ఉన్నాడని అర్థం అని.

ఆయన కథంతా ఆవిడ దగ్గరే విన్నాను, గిరాకీ లేనప్పుడు, చీజ్ మెషిన్ కడుగుతూ. సిరక్యూస్ కి పడమరగా గంట దూరంలో లయన్స్ అని చిన్న ఊరు, వాళ్ళ నాన్నది అంత్యక్రియలు చేయించే వ్యాపారం. 1962లో ఇక్కడ చదువుకోడానికొచ్చాడు, స్కాలర్‌షిప్ కూడా లేదు, టీమ్ లో తనంతట తానే వెళ్ళి చోటు సంపాదించుకున్నాడు. రూమ్మేట్ ఎవరంటే డేవ్ బింగ్, ఆ తర్వాత ఎన్‌బీఏలో పెద్ద స్టార్, ఇంకా తర్వాత డెట్రాయిట్ కి మేయర్. ఆ రూమ్మేట్ ఊళ్ళు దాటి వెళ్ళిపోయాడు, ఈయన మాత్రం కదల్లేదు. 1969లో అసిస్టెంట్ కోచ్, కొన్నాళ్ళు అదే యూనివర్సిటీ గోల్ఫ్ టీమ్ కి కూడా కోచ్, 1976లో పాత కోచ్ వేరే చోటికి వెళ్ళిపోతే హెడ్ కోచ్. అప్పటికి 31 ఏళ్ళు. ఇంక అక్కడ్నుంచి 2023 దాకా అదే కుర్చీ. 47 సీజన్లు. అమెరికాలో, అదీ కోచ్ ఉద్యోగంలో, ఇది మామూలు విషయం కాదండీ, రెండేళ్ళు ఓడితే పెట్టె సర్దుకోమనే చోటు అది.

ఇది విన్నప్పుడల్లా నాకు మా ఎయిడెడ్ హైస్కూల్ డ్రిల్లు మేష్టారు గుర్తొచ్చేవారు. ఎయిడెడ్ కాబట్టి బదిలీల్లేవు, మా చిన్నాన్నకీ ఆయనే, నాకూ ఆయనే. మెడలో విజిల్, లూనా బండి, గ్రౌండ్ లో బాల్ బ్యాడ్మింటన్ నెట్ ఆయనే కట్టేవారు, ఆయనే విప్పేవారు. నన్ను చూడగానే "ఏరా, మీ చిన్నాన్న కూడా ఇలాగే ఎడం చేత్తో ఆడి చెడగొట్టేవాడు" అనేవారు. ఒకే గ్రౌండ్ లో అంతకాలం ఉన్నవాళ్ళకే అలాంటి మాట అనే హక్కుంటుంది.

పెద్దావిడకి ఇష్టమైన టాపిక్ జార్జ్‌టౌన్ యూనివర్సిటీ టీమ్ మీద కోపం. డోమ్ కి ముందు మ్యాన్లీ ఫీల్డ్ హౌస్ అని చిన్న హాల్లో ఆడేవాళ్ళట, అక్కడ వరసగా 57 ఆటలు ఓడలేదు. 1980 ఫిబ్రవరిలో, ఆ హాల్లో చివరి మ్యాచ్, జార్జ్‌టౌన్ వచ్చి గెలిచేసి, వాళ్ళ కోచ్ జాన్ థాంప్సన్ మ్యాన్లీ ఫీల్డ్ హౌస్ అధికారికంగా మూసేశాం అని ప్రకటించాడు. ముప్పై మూడేళ్ళ తర్వాత నాకు ఆ మాట చెప్తూ ఆవిడ నాచోస్ గరిటె బల్ల మీద కొట్టింది. పెళ్ళిలో మర్యాద తక్కువైందని తరాల పాటు చెప్పుకునే మనవాళ్ళకి తీసిపోరు వీళ్ళు.

ఇంకోటి 1987. అది చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేది. న్యూ ఆర్లీన్స్ లో ఫైనల్, అంటే దేశంలో కాలేజీ టీమ్ ల కప్పుకి ఆఖరి ఆట, ఇండియానా మీద. ఒక్క పాయింట్ ఆధిక్యం, అరనిమిషం కంటే తక్కువ టైం, డెరిక్ కోల్‌మన్ అనే మొదటి సంవత్సరం కుర్రాడు ఫ్రీ త్రో (అవతలివాళ్ళ ఫౌల్ కి దక్కే ఉచిత బంతి) తప్పాడు, అవతల్నుంచి కీత్ స్మార్ట్ ఎడమ పక్క నుంచి ఎగిరి వేసేశాడు. 74-73. అయిపోయింది. 1996లో మళ్ళీ ఫైనల్, కెంటకీ చేతిలో ఓటమి. పెద్ద ఆటలు గెలవలేడురా ఈయన అని ఊరంతా అనుకునే రోజులు.

తర్వాత 2003. కార్మెలో ఆంథోనీ ఒకే ఒక్క ఏడాది చదివాడు ఇక్కడ, ఆ ఏడాదే కప్పు. మళ్ళీ అదే న్యూ ఆర్లీన్స్, అదే సూపర్‌డోమ్, ఈసారి కాన్సాస్ మీద. చివర్లో హకీమ్ వారిక్ రెండు ఫ్రీ త్రోలు తప్పాడు. అంటే 16 ఏళ్ళ తర్వాత అదే హాల్లో, అదే తప్పు. కాన్సాస్ కుర్రాడు మూల నుంచి స్కోర్ సమం చేసే బంతి వేస్తుంటే, ఆ వారిక్కే ఎక్కడ్నుంచో వచ్చి చెయ్యి చాపి దాన్ని అవతలికి కొట్టేశాడు. 81-78. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, చూసినప్పుడల్లా ఆ చెయ్యి ఇంకో మూర పొడుగు కనిపిస్తుంది.

చేతులంటే గుర్తొచ్చింది, తాత ఆట మొత్తం చేతుల మీదే. 2-3 జోన్ అంటారు. మిగతా టీమ్ లు ఎక్కువగా ఒక్కొక్కడికి ఒక్కొక్కణ్ణి కాపలా పెడతాయి. ఈయన మనిషిని కాదు, చోటుని కాయమంటాడు. ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, అందరూ తాడిచెట్టంత వాళ్ళే, చేతులు చాపుకుని, బంతి ఎటు పోతే అయిదుగురూ ఒకేసారి అటు జరగాలి, దోమతెర లాగినట్టు. అవతల వాళ్ళు బాస్కెట్ దగ్గరికి రాలేక దూరం నుంచి విసిరి విసిరి అలిసిపోవాలి. చిల్లు లేదని కాదు, మధ్యలో ఫ్రీ త్రో గీత దగ్గర ఒక తెలివైనవాడు నిలబడి బంతి అందుకున్నాడంటే దోమ లోపలికొచ్చేసినట్టే. అందరికీ తెలుసు ఆ సంగతి. తెలిసి కూడా నలభై ఏళ్ళు ఇబ్బంది పడ్డారు, ఎందుకంటే వాళ్ళు ఏడాదికి ఒకసారో రెండుసార్లో చూస్తారు, వీళ్ళు రోజూ అదే ప్రాక్టీస్ చేస్తారు. కొత్తది కనిపెట్టడం కన్నా పాతదాన్నే అరగదీయడం ఆయన పద్ధతి.

ఇక మా 2014. సిరక్యూస్ అప్పుడే బిగ్ ఈస్ట్ అనే లీగ్ ని వదిలేసి ఏసీసీ అనే లీగ్ లోకి మారింది (ఏసీసీ అంటే నాకు సిమెంట్ తప్ప వేరే తెలీదు అప్పటికి). ఫిబ్రవరి 1న డ్యూక్ యూనివర్సిటీ టీమ్ వస్తోంది. నేను టీఏగా ఉన్న ల్యాబ్ లో బ్యాచిలర్స్ కుర్రాళ్ళు ముందు వరసలో సీట్ల కోసం రోజుల తరబడి టెంట్లు వేసుకుని పడుకున్నారు, ఆ టెంట్ల ఊరికి బేహైమ్‌బర్గ్ అని పేరు. ఆ చలిలో. మా గుంటూరోడు దణ్ణం పెట్టేశాడు, తిరుపతోడు మాత్రం "ధర్మదర్శనం క్యూ లెక్క కదా" అని చాలా మామూలుగా తీసుకున్నాడు.

ఆ రాత్రి 35,446 మంది. క్యాంపస్ లో కట్టిన స్టేడియంలో అప్పటికి రికార్డ్. మా స్టాండ్ లో హాఫ్ టైం కల్లా జున్ను అయిపోయింది, అదే చీజ్. రెగ్యులర్ టైం చివరి క్షణంలో డ్యూక్ కుర్రాడు సులేమాన్ మూడు పాయింట్ల బంతి వేసి సమం చేశాడు, గోడ అవతల్నుంచి ముందు ఒక హాహాకారం, తర్వాత నిశ్శబ్దం. ఓవర్ టైం. మా కౌంటర్ ముందు పురుగు లేదు. సూపర్‌వైజర్ మా మొహాలు చూసి, వెళ్ళి అయిదు నిమిషాలు చూసి రండి అన్నాడు. అలా ఏప్రన్ తోనే, చేతికి ప్లాస్టిక్ గ్లౌజుతోనే, మెట్ల దారిలో నిలబడి నేను మొదటిసారి తాతని కళ్ళారా చూశాను. అగ్గిపెట్టెంత కనిపించాడు. కానీ ఆ చేతులు చాపడం చూసి ఆయనే అని తెలిసిపోయింది. 91-89, గెలిచాం. పక్కన ఎవరో తెల్లాయన నన్ను పట్టుకుని పైకెత్తేశాడు. ఆయన ఆరెంజ్ చొక్కాకి నా ఏప్రన్ మీదున్న చీజ్ అంటింది, ఇద్దరం పట్టించుకోలేదు.

పదకొండు రోజుల తర్వాత పిట్స్‌బర్గ్ లో మ్యాచ్. ఇంట్లో ల్యాప్‌టాప్ చుట్టూ నలుగురం, స్టౌ మీద ఉప్మా. టైలర్ ఎన్నిస్ అనే పిల్లాడు, మొదటి సంవత్సరమే, ఆఖరి సెకన్లో దాదాపు 35 అడుగుల నుంచి విసిరాడు, పడింది, 58-56. ఉప్మా మాడింది. ఆ మాడిన ఉప్మానే తిన్నాం. అప్పటికి 24 ఆడితే 24 గెలిచాం, ఆ తర్వాతది కూడా గెలిచి 25-0 అయింది. ఇంక ఈ ఏడాది కప్పు మనదే అని వరంగలోడు వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి చెప్పాడు. ఆయన "ఏం కప్పురా బిడ్డా, నువ్వేమైనా ఆడుతున్నావా, సెమిస్టర్ మార్కులెంత" అన్నాడు.

దిష్టి తగిలింది. బోస్టన్ కాలేజ్ అని అడుగున ఉన్న టీమ్ మా ఇంటికొచ్చి ఓడించి పోయింది. మూడ్రోజులకి డ్యూక్ వాళ్ళ కోర్ట్ లో రెండో మ్యాచ్. పది సెకన్లుంది, రెండు పాయింట్లు వెనక, మావాడు సీజే ఫెయిర్ దూసుకెళ్ళి వేశాడు, రిఫరీ అది మావాడిదే ఫౌల్, చార్జ్ అన్నాడు. అంతే, 69 ఏళ్ళ పెద్దమనిషి కోటు విప్పేసుకుంటూ కోర్ట్ మధ్యలోకి పరిగెత్తాడు. కోటు ఒక చేతిలోంచి వచ్చింది, రెండోది ఇరుక్కుంది, ఆయన అరుస్తూనే ఉన్నాడు. బయటికి పంపేశారు. ఓడిపోయాం. కానీ ఆ వారమంతా క్యాంపస్ లో పిల్లలు కనపడిన వాళ్ళ ముందు కోటు విప్పడమే. మర్నాడు పెద్దావిడని అడిగితే, ఆ ఒక్క విజిల్ కి అంత కోపం రాదు, 1987 నుంచి దాచుకున్నాడు అంది.

ఆ మార్చిలో కప్పు టోర్నమెంట్ లో, బఫెలోలో, డేటన్ చేతిలో రెండు పాయింట్లతో ఓడి ఇంటికొచ్చేశాం. కప్పూ లేదు గిప్పూ లేదు.

మరుసటేడు మార్చి 6, 2015, నాకు గ్రాడ్యుయేషన్ రెండు నెలల్లో ఉంది, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ తీర్పు వచ్చింది. ఆటగాళ్ళ చదువు విషయంలో బాస్కెట్‌బాల్ స్టాఫ్ చెయ్యి పెట్టడం, డ్రగ్ టెస్ట్ లో తమ రూల్ తామే పాటించకపోవడం, బయటివాళ్ళు డబ్బులివ్వడం, ఏళ్ళ తరబడి. తాతకి తొమ్మిది ఆటల సస్పెన్షన్, స్కాలర్‌షిప్‌లు కోత, రికార్డ్ లోంచి వందకి పైగా గెలుపులు కొట్టివేత, చివరికి లెక్క 101 కి తేలింది. నేను ఆయన అభిమానినే గానీ ఇక్కడ సమర్థించను. అన్నేళ్ళు ఆ ఇంటికి పెద్ద తనే, లోపల ఏం జరుగుతోందో నాకు తెలీదంటే ఎలా కుదురుతుంది. పెద్దావిడ ఆ రోజు ఏం మాట్లాడలేదు, సాస్ డబ్బాలు వరసగా సర్దింది, మళ్ళీ తీసి సర్దింది. చివర్లో ఒకటే అడిగింది, ఆ ఆటల్లో మేం అమ్మిన హాట్ డాగ్ లు కూడా వెనక్కి తీసుకుంటారా అని.

మూడేళ్ళలో రిటైర్ అవుతాడని ప్రకటించారు, వారసుణ్ణి కూడా ఖాయం చేశారు. ఆ వారసుడు మైక్ హాప్కిన్స్ ఎదురుచూసి ఎదురుచూసి 2017లో వాషింగ్టన్ యూనివర్సిటీకి కోచ్ గా వెళ్ళిపోయాడు. తాత ఉండిపోయాడు. మన రాజకీయ నాయకులు గుర్తొచ్చారు నాకైతే.

నేను అప్పటికి టెక్సాస్ లో ఉన్నా, ఇర్వింగ్ లో, ఓపీటీ మీద, అంటే చదువయ్యాక కొన్నాళ్ళు ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి మీద. 2016లో సిరక్యూస్ పదో సీడ్, అంటే తన గుంపులో పదో ర్యాంకు, టోర్నమెంట్ లోకి తీసుకోవడమే దయ అన్నారు. వర్జీనియా మీద సెకండ్ హాఫ్ లో 16 పాయింట్లు వెనకబడి ఉంటే, ఆ దోమతెర తాత ఒక్కసారి తెర తీసేసి కోర్ట్ అంతా వెంటపడి ఒత్తిడి పెట్టమన్నాడు. 68-62, గెలిచేశారు. పదో సీడ్ ఫైనల్ ఫోర్ కి, అంటే సెమీఫైనల్స్ కి, రావడం అదే మొదటిసారి. ఫైనల్ ఫోర్ హ్యూస్టన్ లో, ఏప్రిల్ 2న. ఏప్రిల్ 1న హెచ్‌1బీ అప్లికేషన్లు తెరిచారు, ఉన్నవి 85 వేలు, వేసినవాళ్ళు 2 లక్షల 36 వేలు, అందులో నేనొకణ్ణి. గుంటూరోడూ నేనూ ఆ భయంతోనే కారేసుకుని నాలుగు గంటలు నడుపుకుంటూ వెళ్ళాం. దారిలో వాడంటాడు, పదో సీడ్ గెలిస్తే మన పేర్లు కూడా లాటరీలో తగులుతాయిరా అని. నార్త్ కరోలినా చేతిలో 83-66, చిత్తుగా ఓడిపోయాం. దాదాపు 75 వేల మందిలో ఆఖరి వరసలో కూర్చుని, ఏమీ మాట్లాడుకోకుండా ఇంటికొచ్చాం. నాకు తగిలింది, వాడికి తగల్లేదు. వాడిప్పుడు కెనడాలో ఉన్నాడు.

ఆ తర్వాత నేను నాలుగు కంపెనీలు మారాను, మూడు ఊళ్ళు, ఏడు అపార్ట్‌మెంట్లు. ప్రతి శీతాకాలం టీవీ పెడితే తాత అదే చోట, అదే మొహం, అవే చేతులు. ఆఖర్లో ఆయన కొడుకులు బడ్డీ, జిమ్మీ ఇద్దరూ అదే టీమ్ లో ఆడారు, 2021-22లో. ఆ ఏడాదే ఆయనకి మొట్టమొదటి నష్టాల సీజన్, 16 గెలుపులు, 17 ఓటములు. 46వ ఏడాదికి గానీ ఓటములు గెలుపుల్ని దాటలేదంటే చూడండి. ఆ మధ్యలో డోమ్ కప్పు కూడా మార్చేశారు, గాలి కప్పు పోయి గట్టి కప్పు వచ్చింది, ఏసీ కూడా పెట్టారు. ఏసీ వచ్చాక ఏసీ కంపెనీ పేరు పోయింది, ఇప్పుడు దాని పేరు వేరే.

2023 మార్చి 8న పగటిపూట మ్యాచ్, గ్రీన్స్‌బరోలో, వేక్ ఫారెస్ట్ మీద. నేను ఆఫీస్ కాల్ లో కెమెరా ఆపేసి పక్కన ఫోన్ లో చూస్తున్నా. ఆఖరి క్షణంలో వాళ్ళ కుర్రాడు మూల నుంచి వేశాడు, 77-74. తాత ప్రెస్ మీట్ లో రిటైర్ అవుతున్నానని సూటిగా అనలేదు, కాదనీ అనలేదు, అంతా యూనివర్సిటీ ఇష్టం అన్నట్టు ఏదో గొణిగి వెళ్ళిపోయాడు. కొన్ని గంటలకే యూనివర్సిటీ వాళ్ళు కొత్త కోచ్ ఏడ్రియన్ ఆట్రీ అని ప్రకటించేశారు. పూలదండ లేదు, శాలువా లేదు. మా డ్రిల్లు మేష్టారు రిటైరైన రోజున ఊరంతా ట్రాక్టర్ మీద ఊరేగించారు, ఆయన ఆ దండలతోనే గ్రౌండ్ కెళ్ళి నెట్ విప్పి మడతపెట్టి వచ్చారట, మా చిన్నాన్న చెప్పాడు.

అధికారిక లెక్క 1,015 గెలుపులు. కొట్టేసినవి కూడా కలుపుకుంటే 1,116. నేను కలుపుకుంటాను, ఎందుకో అడక్కండి.

ఆ సాయంత్రం మా నలుగురి వాట్సాప్ గ్రూప్ లో, ఏడాదిగా చప్పుడు లేని గ్రూప్ లో, "తాత దిగిపోయాడ్రా" అని పెట్టా. అరగంటకి తిరుపతోడు, "ఇప్పటిదాకా ఉన్నాడా?" అన్నాడు. కెనడా నుంచి గుంటూరోడు కోటు విప్పుతున్న తాత బొమ్మ పంపాడు. వరంగలోడు చాలాసేపు టైప్ చేస్తున్నట్టు చూపించింది, ఏదో పెద్దగా రాస్తున్నాడనుకున్నా. చివరికి వచ్చింది, "అవునురా, ఆ వెస్ట్‌కాట్ ఇంటాయన మన డిపాజిట్ ఎప్పుడైనా ఇచ్చిండా?"